కోమా అన్నారు సరే, కారణం ఏమన్నారు?

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి.

మీ నాన్నగారికి 66 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగరు. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచి, పండు, మజ్జిగ తప్ప ఏమీ తీసుకోకుండా ఇంటికి చేరారు. అలసటతో ఆ రాత్రి కూడా సరిగా తినలేదు. కానీ అలవాటు తప్పకుండా షుగరు మాత్ర వేసుకుని పడుకున్నారు. తెల్లవారి లేపితే లేవలేదు. ఒళ్లంతా చెమట, గురక లాంటి శబ్దం. నోట్లో పంచదార నీళ్లు పోశారు, ఉల్లిపాయ వాసన చూపించారు, చేతిలో తాళాలు పెట్టారు. పెందుర్తి నుంచి ఆస్పత్రికి చేరేసరికి గంటన్నర పట్టింది. అక్కడ చూస్తే షుగరు 28. గ్లూకోజు ఎక్కించాక అంకె పెరిగింది గాని తెలివి రాలేదు. ఇది నాలుగో రోజు. సీటీ స్కాను బాగానే ఉందట, స్పృహను కొలిచే గ్లాస్గో స్కోరు 7 అట. ఎన్ని రోజుల్లో లేస్తారు, మా మాటలు వినిపిస్తున్నాయా, మేమే తప్పు చేశామా అని అడిగారు.

ఈ ఊళ్లో 34 ఏళ్లు జనరల్ మెడిసిన్ చూశాను. అందులో సగం కాలం రాత్రి డ్యూటీలే. నాన్నగారిని నేను చూడలేదు కనుక మంచం పక్కన ఉన్న డాక్టరు మాటే మీకు ప్రమాణం. ఆయన్ను ఏమి అడగాలో తెలుసుకోవడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

కోమా ఒక జబ్బు పేరు కాదు. జ్వరం లాంటిదే. జ్వరం ఎన్ని రోజుల్లో తగ్గుతుందని అడిగితే, మలేరియానా, టైఫాయిడా, మామూలు జలుబా అని డాక్టరు ఎదురు అడుగుతాడు. కోమా విషయంలో కూడా అంతే. షుగరు పడిపోయి వచ్చిన కోమా వేరు, గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నాక వచ్చిన కోమా వేరు, బండి మీద నుంచి పడిన కుర్రవాడి కోమా వేరు. బయటికి ముగ్గురూ ఒకేలా కళ్లు మూసుకుని పడుకుని ఉంటారు. ముందున్న దారులు మాత్రం మూడు రకాలు.

మన భాషలో ఈ మెట్లకు మంచి మాటలే ఉన్నాయి, డాక్టర్లమే మరిచిపోయాం. ఒక నిమిషం తెలివి తప్పి, పడుకోబెట్టగానే తేరుకుంటే సొమ్మసిల్లడం. పిలిస్తే కళ్లు తెరిచి, మాట్లాడించడం ఆపితే మళ్లీ మూసుకుంటే మగత. గిల్లితేనో గట్టిగా కుదిపితేనో కదిలితే మత్తు. మంచం దిగుతానని, ఎవరో పిలుస్తున్నారని అసంబద్ధంగా మాట్లాడితే సంధి. ఏం చేసినా కళ్లు తెరవకుండా, మాట లేకుండా, చెప్పిన పని చేయకుండా ఉంటేనే కోమా. ‘సంధి’ని మన ఇళ్లలో ‘పెద్దతనం, చాదస్తం’ అని వదిలేస్తారు. నిన్నటిదాకా పేపరు చదివిన మనిషి ఇవాళ కొడుకును గుర్తుపట్టకపోతే అది చాదస్తం కాదు, అత్యవసరం. కోమా వరకు పోకుండా మనిషిని పట్టుకోగలిగేది చాలాసార్లు ఆ మెట్టు మీదే.

మెదడు ఎలా మేలుకుని ఉంటుందో రెండు ముక్కల్లో చెబుతాను. తల అడుగున, మెడకు పైన మెదడు కాండం ఉంటుంది. దాని పైభాగంలోని నాడుల అల్లిక పై మెదడును నిరంతరం తట్టి లేపుతుంటుంది. 1949లో మొరుజ్జి, మగూన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లుల్లో ఈ చోటికి విద్యుత్తు ఇచ్చి, నిద్రపోతున్న మెదడు తరంగాలు మెలకువ తరంగాలుగా మారడం చూపించారు. ఈ స్విచ్చి దెబ్బతిన్నా, స్విచ్చి బాగుండి పై మెదడు రెండు అర్ధభాగాలూ ఒకేసారి పని మానేసినా స్పృహ పోతుంది. అందుకే మామూలు పక్షవాతంలో ఒక వైపు చేయి, కాలు పడిపోయినా మనిషి మెలకువగానే ఉంటాడు. పక్షవాతంతో పాటు స్పృహ కూడా పోయిందంటే రక్తస్రావమో, వాపుతో కాండం నలిగిపోవడమో, కాండానికి రక్తం ఇచ్చే నాళమే మూసుకుపోవడమో జరిగి ఉండాలి.

మీ నాన్నగారిది పై మెదడు అంతా ఒకేసారి పని మానేసిన రకం అనిపిస్తోంది. మెదడు బరువు శరీరంలో 2 శాతమే, కానీ శక్తిలో 20 శాతం వరకు అదే వాడుకుంటుంది. దాచుకునే గిడ్డంగి మాత్రం దానికి దాదాపు లేదు. షుగరు 70 కంటే తగ్గితే చెమట, దడ, వణుకు మొదలవుతాయి. 54 దిగితే బుద్ధి తడబడుతుంది. ఇంకా కిందికి జారితే స్పృహే పోతుంది. ఆయన మాత్ర గ్లిబెన్‌క్లమైడ్ గాని గ్లిమెపిరైడ్ గాని అయి ఉంటుందని నా అనుమానం. ఈ కుటుంబం మాత్రలు, తిన్నా తినకపోయినా, ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటాయి. దూరం నడిచిన కండరాలు మర్నాడు కూడా రక్తంలోని చక్కెరను లాక్కుంటూ ఉంటాయి. ఉపవాసం, నడక, మాత్ర మూడూ కలిసిన రాత్రి అది. ఆషాఢ పౌర్ణమి వెళ్లిన మర్నాడు మా వార్డులో ఇలాంటివారు ఒకరిద్దరు ఉంటారని జూనియర్లకు ముందే చెప్పి ఉంచేవాణ్ని. అప్పన్న స్వామికి భక్తుడు మాత్ర వేసుకున్నాడా లేదా అనే పట్టింపు ఉండదు. ఆ జాగ్రత్త ఇంట్లోవాళ్లదీ డాక్టరుదీ.

మామూలుగా షుగరు పడినవారికి 25 శాతం డెక్స్‌ట్రోస్ 100 మిల్లీలీటర్లు నరంలోకి ఇస్తే నిమిషాల్లో కళ్లు తెరుస్తారు. చూసేవారికి అద్భుతంలా ఉంటుంది, మాకు కూడా విసుగు పుట్టని దృశ్యం అదొక్కటే. షుగరు సరయ్యాక అరగంట దాటినా తెలివి రాలేదంటే ఇంకేదో ఉందని వెతకాలి. గంటల తరబడి చక్కెర అందక మెదడు కణాలు దెబ్బతిని ఉండవచ్చు. వాపు వచ్చి ఉండవచ్చు. మళ్లీ షుగరు పడుతూ ఉండవచ్చు. ఈ మాత్రల ప్రభావం, ముఖ్యంగా కిడ్నీ బలహీనంగా ఉన్నవారిలో, రెండు మూడు రోజులు సాగుతుంది. గ్లూకోజు ఇవ్వగానే లేచి కూర్చుని, ఇంటికి వెళ్లి, అదే రాత్రి మళ్లీ పడిపోయినవారు ఉన్నారు. అందుకే గంట గంటకూ షుగరు చూస్తారు, అవసరమైతే ఆక్ట్రియోటైడ్ అనే ఇంజెక్షను ఇస్తారు.

చాలామంది మరిచిపోయే నాలుగో కారణం ఒకటి ఉంది. లోపల మూర్ఛ నడుస్తూ ఉండవచ్చు. ఫిట్స్ అంటే కాళ్లు చేతులు కొట్టుకోవాలని అందరూ అనుకుంటారు. ఒళ్లు కదలకుండా మెదడులో మాత్రమే విద్యుత్ తుఫాను సాగే మూర్ఛ ఉంటుంది. కనురెప్ప అదరడం, పెదవి మూల చిన్నగా లాగడం తప్ప బయటికి ఏమీ కనిపించదు. మెదడు తరంగాలను గీసే ఈఈజీ పరీక్ష తీస్తేనే దొరుకుతుంది, దొరికితే మందులతో ఆపవచ్చు. నాలుగు రోజులుగా లేవని మనిషికి ఈఈజీ తీయకపోతే నేను ఊరుకోను.

‘సీటీ బాగుంది’ అనే మాటకు మీరు చాలా ధైర్యపడ్డట్టున్నారు. అది పాక్షికంగా మంచి వార్త. రక్తస్రావం లేదు, పెద్ద గడ్డ లేదు, తలకు ఆపరేషను అవసరం లేదని మాత్రమే దాని అర్థం. చక్కెర అందని దెబ్బ, విషాలు, సోడియం తేడాలు, మూర్ఛ, మొదటి గంటల్లోని పక్షవాతం సీటీలో కనిపించకుండానే పోవచ్చు. ఎంఆర్ఐ తీస్తే దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. షుగరు పడినప్పుడు మెదడు లోపలి తెల్లని నాడుల కట్టల్లోనే మచ్చలు కనిపిస్తే కోలుకునే అవకాశాలు మెరుగు. మెదడు పై పొర, లోతుల్లోని నాడీకణాల ముద్దలు విస్తారంగా దెబ్బతింటే కష్టం.

ఇక గ్లాస్గో స్కోరు. 1974లో గ్లాస్గో నగరంలో టీజ్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు, నర్సు నుంచి ప్రొఫెసరు దాకా అందరూ ఒకే భాషలో మాట్లాడుకోవాలని దీన్ని తయారు చేశారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏ ప్రతిస్పందనా లేకపోయినా 3 వస్తుంది, సున్నా ఉండదు. 8 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే ఊపిరి దారిని కాపాడుకునే శక్తి లేదని భావించి, గొంతులో గొట్టం వేయడం గురించి ఆలోచిస్తారు. నిన్న 7, ఇవాళ 8 అని తూకం వేసుకుంటూ కూర్చోకండి. గొట్టం ఉన్నవారికి మాట మార్కు లెక్కలోకే రాదు. మత్తుమందు నడుస్తుంటే ఆ అంకెకు అర్థం లేదు. అన్నిటికంటే విలువైనది కదలిక మార్కు. గిల్లిన చోటికి చేయి తెచ్చి తోసేయబోతే 5, చేయి వెనక్కి లాక్కుంటే 4, మోచేయి వంకర తిరిగి బిగుసుకుంటే 3, చాపుకుని బిగుసుకుంటే 2.

కంటిపాపల గురించి తప్పక అడగండి. టార్చి వేస్తే రెండూ సమంగా ముడుచుకుంటున్నాయంటే మెదడు కాండం నిలబడి ఉందని ఆశ. చక్కెర, లివరు, కిడ్నీ, సోడియం లాంటి కారణాలతో వచ్చే కోమాలో పాపలు చాలావరకు పని చేస్తూనే ఉంటాయి. ఒకటి పెద్దదై వెలుగుకు కదలడం మానేస్తే లోపల ఒత్తిడి ఒక పక్క నుంచి నెడుతోందని, గడియారం చూసుకోవలసిన సమయమని అర్థం. రెండూ సూదిమొనంత చిన్నవైతే పురుగుమందో, నల్లమందు జాతి మందులో, కాండం మధ్యలో రక్తస్రావమో అయి ఉంటుంది. పురుగుమందైతే చెమట, నురగ, వెల్లుల్లి లాంటి వాసన కూడా చెబుతాయి.

వాసన మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, నేను పనిచేసిన ఒక ఆస్పత్రికి అర్ధరాత్రి ఒకతన్ని తెచ్చారు. దగ్గరికి వెళ్తే మందు వాసన. తాగి పడిపోయాడు, పొద్దున్నకు దిగుతుంది అనుకుని ఓ పక్క పడుకోబెట్టించాను. తెల్లవారి ఒక పాప పెద్దదైంది. తల లోపల, పుర్రెకూ పొరకూ మధ్య రక్తం గడ్డకట్టి ఉంది. ఆపరేషను జరిగి బతికాడు గాని, నడక మునుపటిలా రాలేదు. తాగినవాడికి తల పగలదని ఎవరు చెప్పారు? ఆ తర్వాత మందు వాసనను నేను సాక్ష్యంగా తీసుకోలేదు. తాగేవారికి గ్లూకోజుతో పాటు థయమిన్ అనే బి1 విటమిను ఇంజెక్షను కూడా ఇవ్వాలని అప్పుడే ఒక పెద్దాయన నేర్పారు.

పెద్దవారి ఇళ్లలో మరో రెండు కారణాలు దాక్కుని ఉంటాయి. నెల రోజుల కిందట బాత్‌రూములో జారి తల తగిలింది, అప్పుడు ఏమీ కాలేదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. ఇప్పుడు మెల్లమెల్లగా మగత, ఒక రోజు బాగు, ఒక రోజు బాగోదు. అలాంటప్పుడు తలలో నిలిచిన పాత రక్తం కోసం స్కాను తీయాలి. పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేస్తే చాలామంది వారంలో నడిచి వెళ్లిపోతారు. రెండోది సోడియం. బీపీకి మూత్రం పోయించే మాత్రలు వాడుతూ, ఉప్పు మానేసి, ఎండకు కుండలకొద్దీ నీళ్లు తాగేవారిలో 135 ఉండవలసిన సోడియం 110కి పడిపోతుంది. దాన్ని తొందరపడి ఎక్కించినా ప్రమాదమే. రోజుకు 8 నుంచి 10 అంకెలకు మించి పెంచితే మెదడు కాండంలో నాడుల పైపొర కరిగి శాశ్వత దెబ్బ తగలవచ్చు. ‘డాక్టరు నెమ్మదిగా చేస్తున్నాడు’ అని బంధువులు గొడవ పడే చోట, చాలాసార్లు ఆ నెమ్మదే వైద్యం.

మన ప్రాంతపు కారణాలు కూడా రాస్తాను, ఎందుకంటే పుస్తకంలో ఇవి చివరి పేజీల్లో ఉంటాయి. పాడేరు, అరకు వైపు వెళ్లి వచ్చి జ్వరంతో మగత పడితే, వేరే కారణం తేలేదాకా అది మెదడుకెక్కిన మలేరియానే అనుకోవాలి. రక్తపరీక్షతో పాటు షుగరు కూడా చూడాలి, ఆ మలేరియా షుగరునూ పడగొడుతుంది. ఆర్టెసునేట్ ఇంజెక్షను ఆలస్యం కాకూడదు. లంబసింగిలో చలికి తాళలేక మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే, కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే స్పృహను తీసేస్తుంది. వేలికి పెట్టే ఆక్సిమీటరు అప్పుడు 98 అని అబద్ధం చెబుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే రసాయనపు ఆవిరి కమ్మినప్పుడు రోడ్ల మీద కుప్పకూలినవారిని ఊరంతా చూసింది. అలాంటి చోట మొదటి వైద్యం మనిషిని గాలిలోకి తీసుకురావడమే.

కట్లపాము గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. నేల మీద పడుకున్నవారిని రాత్రి కరుస్తుంది, నొప్పి ఉండదు, కాటు గుర్తు కనిపించదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దవడం, తర్వాత ఊపిరి ఆగిపోవడం. రెప్ప ఎత్తలేడు, వేలు కదపలేడు, కంటిపాప కూడా కదలకపోవచ్చు. చూసినవారు కోమా అంటారు, ఒక్కోసారి పోయాడనే అంటారు. లోపల మాత్రం పూర్తి తెలివి ఉంటుంది. చోడవరం వైపు నుంచి వచ్చిన ఒక కూలీ మూడో రోజు వెంటిలేటరు తీశాక నా వైపు చూసి, ‘ఈడు ఆగడు, ఇంటికి పంపించేయండి అని మొదటి రోజు ఎవరో అన్నారు బాబూ’ అన్నాడు. అన్నది మా వార్డు మనిషే. అప్పటి నుంచి ఏ మంచం పక్కనా అలాంటి మాట ఆడవద్దని అందరికీ చెబుతూ వచ్చాను.

మీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే కొంత ఉంది. నాన్నగారికి వినిపిస్తోందని నేను హామీ ఇవ్వలేను. అసలైన కోమాలో వినిపించే అవకాశం తక్కువ. అయినా తెలుసుకునే పద్ధతులు మనం అనుకున్నంత నిక్కచ్చివి కావు. 2006లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, స్పృహ లేదనుకున్న 23 ఏళ్ల అమ్మాయిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంటే, స్కానులో ఆమె మెదడు ఆరోగ్యవంతుల మెదడులాగే వెలిగింది. కాబట్టి మాట్లాడండి. ఏడుపు కాకుండా కబుర్లు చెప్పండి. ఎవరు వచ్చారో, ఏ రోజో, ఎక్కడ ఉన్నారో చెప్పండి. ఆయన వినే రేడియోనో, పాటలో ఉంటే గంటల తరబడి కాకుండా కాసేపు పెట్టండి. ఒక్క జాగ్రత్త. అరచేతిలో వేలు పెడితే ఆయన గట్టిగా పట్టుకున్నారని మీ అమ్మగారు సంబరపడ్డారు కదా. పసిబిడ్డలకు ఉండే ఆ పట్టు దెబ్బతిన్న మెదడులో దానంతట అదే తిరిగి వస్తుంది. ‘నాన్నగారూ, నా వేలు వదలండి’ అనండి. వదిలితే, నాలుక చూపించమంటే చూపిస్తే, అప్పుడు సంబరపడండి.

ఎన్ని రోజులు అన్నదానికి వద్దాం. నిజమైన కోమా సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి నిలవదు. ఈలోగా మనిషి లేస్తాడు, లేదా పోతాడు, లేదా కళ్లు తెరుస్తాడు గాని ఎవరినీ గమనించడు. ఆ మూడో స్థితిని వెజిటేటివ్ స్టేట్ అంటారు, అది కోమా కాదు. 1973లో దాడికి గురైన ముంబయి నర్సు అరుణా షాన్‌బాగ్ 2015లో కన్నుమూసేదాకా కోమాలో ఉన్నారని పత్రికలు రాస్తూ వచ్చాయి. ఆమె కళ్లు తెరిచే ఉండేవారు. మెదడు మరణం ఇంకో సంగతి. అందులో కాండం కూడా ఆగిపోతుంది, ఊపిరి సొంతంగా ఉండదు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారిస్తారు, తిరిగి రావడం ఉండదు. ఈ మూడు మాటలూ కలిపేయడం వల్ల ఇళ్లలో అనవసరమైన ఆశలు, అంతే అనవసరమైన నిరాశలు పుడుతున్నాయి. గుండె ఆగి బతికినవారిలో కూడా 72 గంటలకు ముందు భవిష్యత్తు చెప్పకూడదని నియమం. షుగరు పడినవారిలో రోజుల తర్వాత, వారాల తర్వాత మెల్లగా తేరుకున్నవారిని చూశాను. కొందరికి జ్ఞాపకశక్తి మునుపటిలా రాలేదు. కొందరు తేరుకోలేదు కూడా. నాలుగో రోజున ఎవరైనా ఖచ్చితంగా ఇంత శాతం అని చెబితే నమ్మకండి, మంచి చెప్పినా చెడు చెప్పినా.

ఈలోగా చేసే చాకిరీయే సగం వైద్యం. రెండు గంటలకోసారి పక్క మార్చడం, కళ్లు ఎండిపోకుండా మందు వేసి మూయడం, ముక్కు గొట్టంలో ఆహారం ఇచ్చేటప్పుడు తలవైపు ఎత్తి ఉంచడం, కీళ్లు బిగుసుకోకుండా వంచి చాపడం, నోరు శుభ్రం చేయడం. నర్సులు అనుమతిస్తే వీటిలో కొన్ని మీరే నేర్చుకోండి. పుండ్లు, న్యుమోనియా రాకుండా కాపాడుకుంటేనే లేచే మెదడుకు లేవడానికి ఒక ఒళ్లు మిగులుతుంది.

ఇక మీరు చేసిన తప్పు. పంచదార ఆలోచన సరైనదే, నోట్లో పోయడం తప్పు. మింగలేని మనిషికి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. మూడో రోజు నుంచి వస్తున్న జ్వరం దానివల్లే కావచ్చు, ఎక్స్‌రే చూడమని చెప్పండి. తాళాలు, ఉల్లిపాయల వల్ల చెడు జరగలేదు, పది నిమిషాలు పోయాయంతే. అలాంటప్పుడు మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో కట్టుడు పళ్లుంటే తీయాలి, 108కి ఫోను చేయాలి, ఇంట్లో మిషను ఉంటే షుగరు చూసి ఆ అంకె చెప్పాలి. సొంతంగా గ్లాసు పట్టుకుని తాగగలిగితేనే మూడు చెంచాల గ్లూకోజు పొడి కలిపి ఇవ్వాలి. ఆస్పత్రికి వేసుకునే మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లాలి. ఇది మీకు ఎవరూ ముందు చెప్పలేదు. పదిహేనేళ్లుగా మాత్ర రాసిచ్చిన ఏ డాక్టరైనా చెప్పవలసిన మాట ఇది, నాతో సహా.

రేపు ఉదయం రౌండ్సులో నాలుగు సంగతులు అడగండి. ఈఈజీ తీశారా? కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత? రాత్రి రెండు గంటలప్పుడు షుగరు మళ్లీ పడిందా? మత్తుమందు ఏమైనా నడుస్తోందా? అమ్మగారు నాలుగు రోజులుగా సరిగా తినడం లేదని రాశారు. ఆవిడకు కూడా షుగరు ఉందన్నారు. ముందు ఆవిడ వేసుకుంటున్న మాత్ర పేరేమిటో చూడండి.